పడమటి ప్రకాశంలో బయటి భోజనం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ఊళ్ళలో హోటలుకు పోయి తినడం మొన్నమొన్నటి దాకా సరదా కాదు. పని మీద ఊరు దాటినవాళ్ళకు, పూటకు ఇల్లు అందనివాళ్ళకు హోటలు దిక్కు. కోర్టు వాయిదాకు వచ్చిన రైతు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని వరండాలో పడిగాపులు కాసే బంధువు, పలకల క్వారీకి పోయే కూలీ, బదిలీ మీద వచ్చి గది అద్దెకు తీసుకున్న గుమాస్తా, శ్రీశైలం పోతూ ఆగిన యాత్రికుడు. ఇన్నేళ్ళూ ఇక్కడి హోటళ్ళను బతికించింది వీళ్ళే. ఇంట్లో పొయ్యి వెలిగించుకునే వీలుండి కూడా పిల్లల్ని తీసుకుని సాయంత్రం హోటలుకు పోవడం కొత్త ముచ్చట. ఇప్పుడు అవసరం కోసం తినే హోటలు, ముచ్చట కోసం తినే హోటలు ఒకే వీధిలో పక్కపక్కన నడుస్తున్నాయి. రెండో దానికి రంగురంగుల దీపాలు, ఏసీ హాలు వచ్చాయి. మొదటిది అద్దె కట్టలేక సందులోకి జరుగుతోంది. ఈ వ్యాసం రెండింటినీ చూస్తుంది గానీ, నా బెంగంతా ఆ సందులోకి జరిగినదాని మీదే.

ఈ ప్రాంతపు నాలుక సగం సీమది, సగం కోస్తాది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలను కర్నూలు జిల్లా నుంచి తెచ్చి కలిపారు. రెండేళ్ళకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాగితాల మీద జిల్లా మారింది కానీ పొద్దుటి పలహారం మారలేదు. గిద్దలూరు వైపు బొరుగుల ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీ ఇప్పటికీ కర్నూలు ఆనవాలే. ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోసె కూడా అటుదే. తూర్పుకు వచ్చేకొద్దీ ఇడ్లీ, పూరీ, పునుగులు ముందుకొస్తాయి. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగానే పోతుంది. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు తిరగడంతో పొద్దుటి బండి మీద రెండు రుచులూ కలిసిపోయాయి.

హోటళ్ళు ఎక్కడ లేచాయో చూస్తే దారుల సంగతి తెలుస్తుంది. నల్లమల అడవి అంచున ఉన్న ఊరికల్లా ఒక భోజన హోటలు తప్పదు, ఎందుకంటే అడవి దాటేదాకా మళ్ళీ మెతుకు దొరకదు. దోర్నాల నుంచి శ్రీశైలానికి దాదాపు 50 కిలోమీటర్లు ఘాటు దారి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి గేట్లు మూసేస్తారు. చీకటి పడేవేళకు దోర్నాల చేరినవాళ్ళు అక్కడే తిని, అక్కడే నడుం వాల్చాలి. గిద్దలూరుకూ అదే వరుస. నంద్యాల పోవాలంటే దిగువమెట్ట మీదుగా అడవిలోకి దిగాల్సిందే. శివరాత్రికీ, కార్తీకమాసానికీ ఈ ఊళ్ళ పొయ్యిలు ఆరవు. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు వాకిలి అని పేరు. యాత్రికులు ఆ వాకిట్లో కూడా ఆగి తింటారు. మార్కాపురంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి తిరునాళ్ళ రోజులు హోటళ్ళకు పండగే. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం బల్లలు ఖాళీగా పడుంటాయి. కౌంటరు మీద కూర్చున్నాయన ఫ్యాను కింద కునికిపాట్లు పడుతుంటాడు.

అవసరపు హోటలు గుట్టు తెలియాలంటే ఫుల్ మీల్స్ సంగతి చూడాలి. స్టీలు పళ్ళెం, దాని మీద పరిచిన ఆకు. ముందు కందిపొడి, ఒక చుక్క నెయ్యి. తర్వాత పప్పు, ఒక కూర, ఒక వేపుడు, గోంగూరో దోసకాయో ఏదో ఒక పచ్చడి, సాంబారు, రసం, గిన్నెలో పెరుగు. సప్లయరు కుర్రాడు బేసిను పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటాడు. "అన్నం పెట్టమంటావా పెద్దాయనా?" అని అడుగుతాడు. "పెట్టు నాయనా, రోంత పప్పు కూడా ఎయ్యి" అంటాడు క్వారీ నుంచి వచ్చిన మనిషి. ఆయన చేతి గీతల్లో పలకరాయి పొడి ఇంకా ఉంటుంది. పొద్దున చీకటితో బయల్దేరిన ఒళ్ళు అది, రెండోసారే కాదు, మూడోసారి కూడా పెట్టించుకుంటాడు. పక్క బల్ల మీద ఆఫీసులో పనిచేసే ఆయన ఒక్క ముద్ద పప్పన్నం, ఒక ముద్ద పెరుగన్నం తిని లేస్తాడు. ఇద్దరూ కొనేది ఒకటే టోకెను.

ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. తక్కువ తినేవాడి డబ్బు ఎక్కువ తినేవాడి ఆకలికి సర్దుబాటవుతోంది. ఎవరూ ఎవరికీ దానం చేయలేదు, ఎవరూ ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కౌంటరు దగ్గర లెక్క మాత్రం సరిపోతోంది. హోటలు యజమానికి ఇది తెలుసు. అందుకే ఆయనకు కూలీలతోపాటు గుమాస్తాలూ కావాలి. అందరూ క్వారీ కూలీలే అయితే మూసుకోవాలి, అందరూ గుమాస్తాలే అయితే బాగా మిగులుతుంది. కోర్టు, బస్టాండు, తాలూకా ఆఫీసు, ఆసుపత్రి దగ్గర్లో ఉన్న మెస్సులు నిలదొక్కుకోవడానికి కారణం అక్కడ ఇద్దరూ కలవడమే.

ఈ సర్దుబాటు ఇప్పుడు రెండు వైపులా తెగుతోంది. తక్కువ తినేవాళ్ళు ఏసీ హాలుకు, లేకపోతే కర్రీ పాయింటుకు పోతున్నారు. ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుని, కూరా పప్పూ చారూ పాకెట్లలో తెచ్చుకోవడం ఉద్యోగాలు చేసే దంపతులకు, గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు అలవాటైంది. ఎక్కువ తినేవాళ్ళే మిగిలిన మెస్సు యజమాని ఫుల్ మీల్స్ తీసేసి ప్లేటు మీల్స్ పెడతాడు, అంటే కొలిచిన అన్నం. లేకపోతే బిర్యానీ పాకెట్లు కట్టి అమ్ముతాడు. బిర్యానీ పాకెట్టులో అందరికీ ఒకటే కొలత. రాళ్ళు మోసినవాడికీ అంతే, ఫ్యాను కింద కూర్చున్నవాడికీ అంతే. కూలీ మనిషి దాంతో కడుపు నింపుకోవాలంటే రెండు కొనాలి. కొనలేడు కాబట్టి ఒకటి తిని, టీ తాగి, మళ్ళీ పనిలోకి దిగుతాడు.

దేశమంతటా బయటి తిండి ఖర్చు పెరుగుతోందన్నది నిజం. కేంద్రం 2022-23లో జరిపిన కుటుంబ వినియోగ సర్వేలో పానీయాలు, తయారు తిండి పద్దు పట్టణ కుటుంబాల నెల ఖర్చులో 10.6 శాతం దాకా, పల్లెల్లో 9.6 శాతం దాకా తేలింది. తిండి పద్దులన్నింటిలో అదే పెద్దది. పాలకంటే, కూరగాయలకంటే, బియ్యం గోధుమలకంటే ఎక్కువ. ఇందులో బిస్కెట్టు పొట్లాలూ కూల్‌డ్రింకులూ కూడా కలిసి ఉన్నాయి కాబట్టి మొత్తం హోటలు ఖాతాలో వేయకూడదు. అయినా పొయ్యి వీధిలోకి వస్తోందని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ప్రభుత్వం పెట్టిన అన్న క్యాంటీన్లను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 జులైలో మొదలై, 2019లో ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. పూటకు 5 రూపాయలు. హోటలు వాళ్ళ బేరం పోతుందని గొణిగేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. రోజు కూలి దొరకని మనిషి మెస్సుకు ఎటూ రాడు. ఆ మనిషికి మధ్యాహ్నం అన్నం దొరకడం ఏ ఊరికైనా గౌరవం. ప్రభుత్వం మారితే మూతపడే ఏర్పాటు కావడమొక్కటే దాని లోపం. ఆకలికి ఎన్నికలతో పనిలేదు.

ఇక ముచ్చట హోటలు. ఫ్యామిలీ రెస్టారెంటు అన్న బోర్డు ఈ ఊళ్ళలోకి వచ్చాక నిజంగా మంచి జరిగింది, అది ముందు చెప్పాలి. ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని తినడం మొదలైంది. అంతకుముందు బస్టాండు హోటల్లో ఆడమనిషి ఒంటరిగా కూర్చుంటే పది కళ్ళు అటే చూసేవి. తిరునాళ్ళకో ఆసుపత్రికో వచ్చినా పొట్లం కట్టించుకుని చెట్టు కిందో, బస్సులోనో తినేవారు. కొన్ని హోటళ్ళలో 'ఫ్యామిలీ రూం' అని చెక్క తడికలు కట్టిన గదులుండేవి, వాటిలో గాలి ఆడేది కాదు. ఇప్పుడు కూతురి పుట్టినరోజుకు ఇల్లాలు, అత్తగారు, ఆడపడుచు అందరూ వచ్చి హాలు మధ్యలో కూర్చుంటున్నారు. జీవితమంతా వడ్డించి చివర తిన్న ముసలామె తన పళ్ళెంలోకి వేరొకరు వడ్డిస్తుంటే ఎంత నిదానంగా తింటుందో నేను చూశాను. ఆ ఒక్క పూట కోసమైనా ఆ హోటళ్ళు ఉండాలి.

బాధల్లా అక్కడి మెనూ గురించి. మార్కాపురంలో తిన్నా, గుంటూరులో తిన్నా, హైదరాబాదు శివార్లలో తిన్నా అదే కాగితం. మంచూరియా, చికెన్ 65, పనీర్ బటర్ మసాలా, తందూరీ రోటీ, ఫ్రైడ్ రైస్, ఈ మధ్య మండి. మండి యెమెన్ వంట. హైదరాబాదు బార్కస్‌లో అరబ్బు కుటుంబాల ఇళ్ళ నుంచి బయటికొచ్చి రెండు రాష్ట్రాల చిన్న పట్నాలకూ పాకింది. వంటలు ఊళ్ళు తిరగడంలో తప్పు లేదు. మన దోసె, మన మిరపకాయ కూడా ఎక్కడెక్కడి నుంచో తిరిగొచ్చినవే. కంభం, గిద్దలూరు ముస్లిం కుటుంబాల చేతి బిర్యానీ ఈ నేలదే, దానికి వంక పెట్టలేం. కానీ ఏసీ హాలు మెనూలో ఈ నేల మీద పండే గింజ ఒక్కటి కనపడదు.

సద్దలు, కొర్రలు, జొన్నలు, ఆరికలు, రాగులు, కందులు పండిన మెట్టనేల ఇది. సద్దరొట్టె మీద వేరుశనగ ఊరిబిండి పెట్టుకుని తిన్నవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఇంకా బతికే ఉన్నారు. కొర్రన్నంలో మజ్జిగ పోసుకుని ఎండలో పనికి పోయిన తరం అది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు కరువు ప్రాంతం ఊపిరి పీల్చుకుంది. ఆ పథకాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు, ఆకలిగా పడుకున్న ఇళ్ళు దాంతో నిలబడ్డాయి. అయితే తెల్లన్నం తినడం గౌరవం, సంగటి తినడం లేమి అన్న భావం కూడా అదే కాలంలో గట్టిపడింది. ఇంటికి వచ్చిన చుట్టానికి కొర్రన్నం పెట్టడానికి మొహమాటపడ్డవాళ్ళు హోటల్లో డబ్బులిచ్చి కొనుక్కుంటారా? అందుకే హోటలు వాళ్ళు వండలేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక పెద్ద నగరాల్లో కొర్ర ఇడ్లీ, రాగి దోసె ఖరీదైన వంటలయ్యాయి. వాటిని పండించిన ఊళ్ళలో మాత్రం సాయంత్రం మైదా నూడుల్స్ బండి చుట్టూ జనం ఉంటారు.

పూర్తిగా పోయిందనీ కాదు. రహదారి పక్క దాబాల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు మళ్ళీ కనిపిస్తున్నాయి. కారు ఆపి దిగేవాళ్ళు అది అడిగి తింటున్నారు. కంభం చెరువు చేపల పులుసుకు చుట్టుపక్కల పేరుంది. ఆ చెరువు విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి కట్టింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అంత పేరున్న చెరువు గట్టున ఆ నీటి చేపను శుభ్రంగా వండి, నీడన కూర్చోబెట్టి పెట్టే భోజనశాలలు నాలుగు లేస్తే చూడడానికి వచ్చినవాళ్ళు గట్టెక్కి ఫోటో తీసుకుని వెళ్ళిపోకుండా ఒక పూట ఉండిపోతారు. మహిళా పొదుపు సంఘాలు చాలా ఊళ్ళలో జంతికలు, పచ్చళ్ళు చేసి అమ్ముతున్నాయి. పొద్దుటి కొర్ర పొంగలి, రాత్రి జొన్నరొట్టె వాళ్ళ చేతిలో పని. బస్టాండులో ఒక గది ఇప్పిస్తే చాలు.

ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారన్నది ఈ వ్యాసంలో దాటేయరాని సంగతి. కులం పేరు బోర్డు మీదే రాసి అన్నం అమ్మిన హోటళ్ళు తెలుగునేల మీద ఒకప్పుడు మామూలు. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలో ఎవరినీ ఆపకూడదంది. అంటరానితనం మీద వచ్చిన 1955 చట్టం అలా ఆపడాన్ని శిక్షించే నేరం చేసింది. అయినా పల్లె టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టడం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగింది. ఈ రెండు గ్లాసుల పద్ధతికి వ్యతిరేకంగా దళిత సంఘాలు ఊరూరా కొట్లాడాయి. బస్టాండు మెస్సులో టోకెను కొన్నవాడి కులం సప్లయరు అడగడు, అడిగే తీరిక కూడా ఉండదు. ఇరుకు బల్ల మీద భుజం భుజం తగులుతూ ఎవరెవరో పక్కపక్కన తింటారు. పల్లెలో వీలుకానిది పట్నం హోటల్లో వీలైంది. ఫుల్ మీల్స్ హోటలు పోతే ఊరికి పోయేది అన్నం ఒక్కటే కాదని నేననడం ఇందుకే. శ్రీశైలంలో కులానికొక సత్రం చొప్పున లేచిన అన్నదాన సత్రాలను దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు నీళ్ళు. పడమటి ప్రకాశంలో ఏ హోటలు మంచిది అని అడిగితే నేను ముందు అడిగేది ఏ నీళ్ళతో వండుతారని. ఇక్కడి భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నది ప్రమాణం. పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషులు ఈ పల్లెలకు కొత్త కాదు. హోటళ్ళు తాగడానికి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి పెడుతున్నాయి, సంతోషం. వంటకు మాత్రం చాలాచోట్ల బోరు నీళ్ళే. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇంకిపోయేకొద్దీ చిక్కబడుతుంది. రోజూ రెండు పూటలా మెస్సులో తినే ఉద్యోగికీ, విద్యార్థికీ క్యాన్ నీళ్ళు తాగడం వల్ల సగం రక్షణే. నల్లమల కొండల కింద సొరంగాలు తవ్వి కృష్ణ నీళ్ళు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాల తవ్వకం పూర్తయింది, ఊళ్ళు మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఆ నీళ్ళు వచ్చేలోపు మున్సిపాలిటీ చేయగలిగింది ఒకటుంది. ప్రతి భోజన హోటలు వంటనీళ్ళను ఆరు నెలలకోసారి పరీక్షించి, ఆ కాగితం ధరల పట్టిక పక్కన గోడకు అంటించాలి. ఖర్చు పెద్దగా ఉండదు, తినేవాడికి మాత్రం అదే అన్నిటికంటే పనికొచ్చే సంగతి.

నూనె సంగతీ అంతే. మరిగించిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటి మోతాదు 25 శాతం దాటితే ఆ నూనె వాడరాదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆ కొలత ఎవరు చూస్తారు? తినేవాళ్ళే చూడాలి. నూనె నల్లబడి, చిక్కబడి, అంచున నురుగు విడవకుండా ఉంటే ఆ పూటకు పక్కకు జరగడం మంచిది. మంచూరియాకు ఎరుపు కోసం కలిపే రంగుల మీద కర్ణాటక 2024 మార్చిలో నిషేధం పెట్టింది. మన దగ్గర ఆ ఎరుపును ఇంకా రుచికి గుర్తుగా చూస్తున్నాం. ఆహార భద్రత అధికారులు పండగల ముందు ఒక రోజు దాడి చేసి ఫోటోలు దిగే పద్ధతి మానాలి. బండివాళ్ళను కూర్చోబెట్టి నూనె ఎప్పుడు పారబోయాలో చూపిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. పొద్దున నాలుగింటికి లేచి పిండి రుబ్బి, పిల్లాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని ఇడ్లీ అమ్మే ఆడమనిషికి జరిమానా రసీదు ఇచ్చి ఏం సాధిస్తాం?

వంటగది వెనక మనుషుల గురించి ఎవరూ రాయరు. ఈ ప్రాంతం నుంచి జనం పని కోసం హైదరాబాదు, బెంగళూరు వలసపోతుంటే, ఇక్కడి ఫాస్ట్‌ఫుడ్ పొయ్యి దగ్గర నిలబడే మాస్టరు ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వస్తున్నాడు. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా మంట ముందు పని, పడుకునేది అదే హోటలు మేడమీద. 14 ఏళ్ళలోపు పిల్లలను హోటళ్ళలో, దాబాల్లో పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నేరం. బల్లలు తుడిచే చేతులు మునుపటంత చిన్నవిగా లేవు, అది చట్టం సాధించిన మేలు. ఆడవాళ్ళు మాత్రం గిన్నెలు తోమే చోటే ఎక్కువగా ఆగిపోయారు. కౌంటరు దగ్గర కనిపించేది సొంత బండి పెట్టుకున్నప్పుడే.

మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న కోరిక దశాబ్దాలది. 2025 నవంబరులో ప్రభుత్వం దానికి ఆమోదం తెలిపింది. జిల్లా అంటే ఆఫీసులు, బదిలీ మీద వచ్చే ఉద్యోగులు, అర్జీలు పట్టుకుని వచ్చే జనం, హాస్టళ్ళు. బయట తినేవాళ్ళు పెరుగుతారు, దాంతోపాటు మెయిన్‌రోడ్డు అద్దెలూ పెరుగుతాయి. ఫుల్ మీల్స్ పెట్టే మెస్సు ఆ అద్దె కట్టి బతకలేదు. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. పట్టణ వ్యాపార కమిటీ సిఫార్సు మీద అమ్ముకునే చోట్లు గుర్తించే బాధ్యత మున్సిపాలిటీలకు ఇచ్చింది. కొత్త ఆఫీసుల ప్లాను గీసేటప్పుడే ఆ కమిటీ మాట వినాలి. శుద్ధిచేసిన నీటి కుళాయి, మురుగుకాలువ, నీడ ఉన్న వరుస ఒకటి కలెక్టరేటు గేటుకు దగ్గర్లో మెస్సులకూ టిఫిన్ బండ్లకూ తక్కువ అద్దెకు వదలాలి. పింఛను అర్జీ పట్టుకుని పుల్లలచెరువు నుంచి మొదటి బస్సుకు వచ్చిన ముసలాయనకూ, ఆ అర్జీ రాసుకునే గుమాస్తాకూ మధ్యాహ్నం ఒకే బల్ల మీద అన్నం దొరకాలంటే ఆ స్థలం ఇప్పుడే పక్కన పెట్టాలి. కట్టడాలు లేచాక అక్కడ చోటు మిగలదు.